సచిత్ర బాలసాహిత్యంలో మహిళా శాస్త్రవేత్తలు

మహిళా శాస్త్రవేత్తలను బాలలకు పరిచయం చేసే సచిత్ర గ్రంథంలో కథనభారాన్ని సగం చిత్రమే మోస్తుంది. రేచెల్ ఇగ్నోటోఫ్‌స్కీ స్వయంగా రచించి, చిత్రించిన ‘విమెన్ ఇన్ సైన్స్’ (2016) ఇందుకు నిదర్శనం. హైపేషియా మొదలుకొని మరియం మీర్జాఖానీ వరకు 50 మంది ఇందులో ఉన్నారు. ఒక పుటలో జీవితకథ, ఎదుటి పుటలో చిత్రం. శాస్త్రవేత్త రూపం చుట్టూ ఆమె పరిశోధనకు సంబంధించిన పరికరాలు, సంకేతాలు పరచుకొని ఉంటాయి. వ్యక్తితో పాటు ఆమె పని కూడా కనబడడం ఈ గ్రంథ విశిష్టత.

అయితే అందరి జీవితాలనూ ఒకే నిడివిలో చెప్పడం వల్ల అవరోధం, పట్టుదల, విజయం అనే మూస ఏర్పడింది. లీజ్ మైట్నర్ జీవితం ఈ మూసలో ఇమడదు. కేంద్రక విచ్ఛిత్తిని సిద్ధాంతపరంగా వివరించినవారిలో ఆమె ఒకరు. 1944 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి మాత్రం ఒట్టో హాన్ ఒక్కరికే దక్కింది. ఇటువంటి అన్యాయాన్ని ఆమె అధిగమించిన అవరోధంగా చెబితే బాలలకు అసత్యం చెప్పినట్లే.

ఈ 50 మందిలో భారతీయులు లేరు. తెలుగులో ఇటువంటి గ్రంథాన్ని రూపొందించేవారు భారత వాతావరణ శాఖలో పనిచేసిన అన్నా మణిని (1918–2001) పరిగణించాలి. ఎనిమిదవ పుట్టినరోజున వజ్రాల కమ్మలు వద్దని విజ్ఞానసర్వస్వం కోరుకున్న ఉదంతం బాలలను సులభంగా ఆకర్షిస్తుంది. అక్కడితో ఆగితే ఆమె శాస్త్రకృషి మరుగున పడుతుంది. సుమారు 100 వాతావరణ పరికరాల నిర్మాణ చిత్రాలను ఆమె ప్రమాణీకరించారు. సచిత్ర గ్రంథానికి ఇంతకంటె అనువైన వస్తువు అరుదు. ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంతో ఆమెకు పిహెచ్.డి. నిరాకరించిన సంగతిని కూడా అదే పుటలో, మెత్తబరచకుండా చెప్పవలసి ఉంటుంది.