వాక్యం వెనుక ఎవరున్నారు?

టర్కీలో మెడిసిన్ చదివినా, సివిల్ ఇంజినీరింగు చదివినా, వ్యవసాయ శాస్త్రం చదివినా డిగ్రీ చేతికి రావాలంటే టర్కిష్ భాష పేపరు రాయక తప్పదు. 1981లో వచ్చిన 2547 నంబరు ఉన్నత విద్యా చట్టం పెట్టిన నియమం అది. కనీసం రెండు సెమిస్టర్లు చదవాలి. సొంత భాషను కాలేజీలో మళ్లీ నేర్పడమేమిటని అక్కడి పిల్లలూ విసుక్కుంటారు. చాలా యూనివర్సిటీలు ఈ పేపరును దూరవిద్యలోకి నెట్టేశాయి. విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చుని, కామా ఎక్కడ పెట్టాలో టిక్కు కొట్టి గట్టెక్కుతాడు. అయినా నాకు ఆ పేపరంటే గౌరవం. అర్జీ రాయడం, నివేదిక రాయడం, సమావేశంలో ఎవరేమన్నారో నమోదు చేయడం, పదిమంది ముందు నిలబడి మాట్లాడటం, ఇవన్నీ అందులో పాఠాలే. ఢిల్లీలో మన దేశపు విద్యార్థులకు టర్కిష్ చెప్పే నేను క్లాసుకి సరుకు తెచ్చుకునేది ఎక్కువగా అక్కడి నుంచే.

లిపితో పెద్ద పేచీ లేదు. 1928 నవంబరులో అరబ్బీ లిపిని వదిలి లాటిన్ అక్షరాలకు మారినప్పుడు 29 అక్షరాలతో, దాదాపు పలికినట్టే రాసుకునేలా కుదుర్చుకున్నారు. వ్యాకరణంలో మన తెలుగు పిల్లలది పైచేయి. క్రియ వాక్యం చివర రావడం, పదం మీద ప్రత్యయం, దాని మీద మరో ప్రత్యయం చేరడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇల్లు ‘ఎవ్’ అయితే ఇళ్లు ‘ఎవ్‌లెర్’, గుర్రం ‘అత్’ అయితే గుర్రాలు ‘అత్‌లర్’. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయంలో అచ్చు మారుతుందని చెప్పగానే హిందీ పిల్లలు తలలు పట్టుకుంటారు. తెలుగు పిల్లలకు ‘అన్నకు’, ‘హరికి’ అని రెండు మాటలు బోర్డు మీద రాస్తే చాలు. ఇకారం తర్వాత ‘కు’ ‘కి’ అవుతుందని చిన్నయసూరి ఎప్పుడో చెప్పి ఉంచాడు.

చిక్కంతా భూతకాలం దగ్గర మొదలవుతుంది. టర్కిష్‌లో అలీ వచ్చాడని చెప్పడానికి రెండు దారులు. ‘అలీ గెల్ది’ అంటే వచ్చాడు, నేను చూశాను. ‘అలీ గెల్మిష్’ అంటే వచ్చాడట. మనకు ‘అట’ ఉంది కాబట్టి తెలుగు పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. అక్కడే ఆగిపోతారు కూడా. గుమ్మం బయట అలీ చెప్పులు కనిపించాయనుకోండి. ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా టర్కీవాళ్లు ‘గెల్మిష్’ అనే అంటారు. మనమైతే ‘వచ్చినట్టున్నాడు’ అంటాం. భోజనానికి పిలిచిన ఇల్లాలు వడ్డించిన కూర నోట్లో పెట్టుకుని ‘చోక్ గ్యుజెల్ ఒల్ముష్’, చాలా బాగా కుదిరింది, అన్నప్పుడు కూడా అదే ప్రత్యయం. అచ్చును బట్టి ‘మిష్’ అక్కడ ‘ముష్’ అయింది. ‘స్వయంగా తిని చెబుతున్నాం కదా, మధ్యలో అట ఎందుకు?’ అని ఏ బ్యాచిలోనైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగే. వంట జరుగుతున్నప్పుడు నువ్వు అక్కడ లేవు, దాని ఫలితం మాత్రమే నీకు ఇప్పుడు తెలిసింది, అందుకే ఆ రూపం. మాట్లాడే మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్పకుండా టర్కిష్‌లో జరిగిపోయినదాని గురించి నోరు విప్పడం కష్టం.

దీన్ని సూత్రంలా బట్టీ పట్టిస్తే పరీక్ష దాకానే ఉంటుంది. అందుకని నేను నస్రుద్దీన్‌ను పిలుస్తాను. మనం ముల్లా అనే ఆయన్ని టర్కీలో హోజా అంటారు. హోజా పొరుగాయన దగ్గర పెద్ద గంగాళం అరువు తెచ్చుకుని, తిరిగిచ్చేటప్పుడు లోపల ఒక చిన్న గిన్నె పెట్టి, నీ గంగాళం పిల్లను కన్నదన్నాడు. పొరుగాయన మురిసిపోయి రెండూ పుచ్చుకున్నాడు. రెండోసారి గంగాళం తిరిగి రాలేదు. అడిగితే, చచ్చిపోయిందన్నాడు హోజా. గంగాళం చావడమేమిటంటే, కన్నదంటే నమ్మినవాడివి చచ్చిందంటే నమ్మవేం అన్నాడు.

ఈ కథను క్లాసులో మూడు రకాలుగా చెప్పిస్తాను. మొదట అమ్మమ్మ మనవడికి చెప్పినట్టు. అప్పుడు వాక్యాలన్నీ ‘మిష్’తో ముగుస్తాయి, మన అనగనగా కథల్లో ‘ఉండేవాడట’ వచ్చినట్టే. రెండోసారి పొరుగాయన ఖాజీ ముందు సాక్ష్యం చెప్పినట్టు. ఇక్కడ విద్యార్థికి చెమటలు పడతాయి. గంగాళం ఇచ్చింది తనే కాబట్టి ‘ఇచ్చాను’ అనేదానికి చూసిన రూపం వాడాలి. మరి కన్నది అనేదానికి? హోజా ఏ తడబాటూ లేకుండా ‘దోఉర్దు’ అన్నాడు, కళ్లారా చూసినవాడిలా. పొరుగాయన మాత్రం ‘దోఉర్ముష్’ అనే అనగలడు, ఎందుకంటే కన్నప్పుడు అతను అక్కడ లేడు. చావుకీ అదే రూపం. ఆ రెండు క్రియలూ వరసగా నోటివెంట వచ్చేసరికి క్లాసు మొత్తానికి విషయం వెలుగుతుంది. అతను రెండింటిలో దేన్నీ చూడలేదు. లాభం ఉన్నదాన్ని నమ్మాడు, నష్టం ఉన్నదాన్ని నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ వింటున్న కథలో ఇంత ఉందని ఒక ప్రత్యయం చూపించడం నాకెంతో ఇష్టమైన ఘట్టం.

మూడోసారి అదే గొడవను అర్జీగా రాయమంటాను. టర్కీలో అర్జీకి నియమం గట్టిది. పైన మధ్యలో కార్యాలయం పేరు, కింద విషయం సూటిగా, చివర తేదీ, పేరు, సంతకం, చిరునామా. పేరు, సంతకం, చిరునామా లేని అర్జీని అధికారి పట్టించుకోనక్కర్లేదని, సరైన అర్జీకి 30 రోజుల్లో జవాబివ్వాలని 3071 నంబరు చట్టం చెబుతుంది. ముగింపు మాటకూ పద్ధతుంది. పై అధికారికైనా సమాన హోదా కార్యాలయానికైనా ‘అర్జ్ ఎదెరిమ్’, కిందివారికి ‘రిజా ఎదెరిమ్’. (మన అర్జీ కూడా ఆ అరబ్బీ మూలం నుంచే వచ్చింది.) మా పిల్లలు మొదటిసారి రాసే అర్జీల్లో కష్టాల కథ అర పేజీ, వినయం అర పేజీ ఉండి, అసలు ఏం కావాలో మాత్రం ఉండదు. కొట్టేయండి, మీరు చూసింది ఉంచండి, విన్నదైతే ఎవరు చెప్పారో రాయండి, చివరికి ఏం చేయమంటున్నారో ఒక్క వాక్యంలో అడగండి అంటాను. తిప్పి తిప్పి రాయిస్తాను. పొరుగాయన అర్జీ ఐదారు వాక్యాలకు దిగి, గంగాళం తిరిగి ఇప్పించమని అడిగేదాకా వదలను.

సంబోధన కూడా ఇలాగే క్లాసులో వాడి నేర్చుకోవాల్సిందే. మన ‘నువ్వు, మీరు’ లాంటి తేడా టర్కిష్‌లోనూ ఉంది. పేరు తర్వాత మగవారికి ‘బెయ్’, ఆడవారికి ‘హానిమ్’ చేరుస్తారు. ఇంటిపేరుకు కాదు, సొంత పేరుకే. ఇంటిపేర్ల చట్టం వచ్చిందే 1934లో, గౌరవవాచకం అంతకు చాలా ముందుది. టీచర్ని ‘హోజమ్’ అంటారు. అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో విద్యార్థులు ఒకరినొకరు కూడా ‘హోజమ్’ అనే పిలుచుకుంటారు. నాకు ఆ అలవాటు ఎంతో నచ్చుతుంది.

కమ్యూనికేషన్ స్కిల్స్ అని విడిగా ఒక విద్య ఉందని నేననుకోను. నాకు తెలిసింది ఎలా తెలిసింది, ఎదుట ఉన్నది ఎవరు, వాళ్ల నుంచి నాకేం కావాలి అన్న మూడింటినీ వాక్యంలో సరిగ్గా కూర్చగలిగితే అదే ఆ విద్య. అది పరాయి భాషలో ఎంత అవసరమో సొంత భాషలోనూ అంతే అవసరం. టర్కీ ఆ సంగతి గుర్తించి చట్టం చేసింది. తరగతి గది నుంచి తప్పించి సగం పోగొట్టుకుంది.

మన ఇంజినీరింగు కాలేజీల్లో కమ్యూనికేషన్ ల్యాబ్ అంటే ఇంగ్లిష్ ల్యాబే. ఇంగ్లిష్ కావాలి, కాదనను. కానీ బోరులో నీళ్లు పడ్డాయని రైతుకు చెప్పాల్సిన ఇంజినీరు, జబ్బు సంగతి రోగి తల్లికి చెప్పాల్సిన డాక్టరు మాట్లాడేది తెలుగులో. సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. ఒక్క సెమిస్టర్ తెలుగు పేపరు పెట్టండి. పద్యాలూ, కవుల కాలాలూ అందులో వద్దు. అర్జీ, నివేదిక, సమావేశపు నమోదు, నలుగురిలో మాట్లాడటం చాలు. టిక్కులు పెట్టే పరీక్షగా మాత్రం చేయకండి. ప్రతి విద్యార్థీ లేచి నిలబడి మాట్లాడేంత చిన్న క్లాసు, రాసినదాన్ని దిద్ది మళ్లీ రాయించే ఓపికున్న టీచరు, ఈ రెండూ ఏర్పాటు చేశాకే మొదలుపెట్టండి.