రంగయంత్రం, దాని పగ్గాలు

నాట్యశాస్త్రం ద్వితీయాధ్యాయంలో రంగమండప నిర్మాణాన్ని వివరించే సందర్భంలో భరతుడు ఒక తాడును గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాడు. స్థలాన్ని కొలిచే సూత్రం నూలుతో గాని, ముంజగడ్డితో గాని, చెట్టు నారతో గాని తెగకుండా పేనినదై ఉండాలి. అది సగానికి తెగితే యజమానికి మరణమనీ, మూడవ వంతులో తెగితే రాష్ట్రానికి కీడనీ, నాలుగవ వంతులో తెగితే ప్రయోక్తకు నాశనమనీ ఆ గ్రంథం చెబుతుంది. దీనిని శకునశాస్త్రంగా కొట్టివేయవచ్చును. కాని నాటకశాలలో వాడే తాడు దృఢత్వానికీ, అక్కడ పనిచేసే మనుషుల క్షేమానికీ ముడి ఉన్నదన్న గుర్తింపు అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

నేటి పెద్ద రంగశాలల్లో తెరలనూ దృశ్యాలనూ కదిలించే తాళ్ల స్థానంలోకి ఉక్కు తీగలు, మోటార్లు, వాటినన్నింటినీ ఒక్కచోటి నుండి నడిపే కన్సోల్ వచ్చినాయి. పై నుండి దిగే బార్లు, పైకి లేచే వేదిక భాగాలు, తిరుగుడు వేదిక, చక్రాల బండ్లు అన్నీ ఒక బల్ల ముందు కూర్చున్న వ్యక్తి వేలికొసకు లోబడి ఉంటాయి. ఈ సాధనాన్ని కళకు పరాయిదని ఈసడించడం గాని, ఆధునికతకు చిహ్నమని కొనిపెట్టి మురిసిపోవడం గాని సరైన దృష్టి కాదు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ కన్సోల్‌ను యంత్రాలతో కలిపినప్పుడు, దానికి హద్దులు ఏర్పరచినప్పుడు, ఎవరి అనుభవం అందులో చేరింది?

అనేక కదలికలను ఒకే చోట ముడివేయాలన్న కోరిక పాతదే. 17వ శతాబ్దపు వెనిస్‌లో, 1641లో ఆరంభమైన తియాత్రో నోవిస్సిమోలో జాకొమో తొరెల్లి దృశ్యఫలకాలన్నింటినీ వేదిక కింది ఒకే ఇరుసుకు తాళ్లతో కలిపినాడు. ఒక బరువును వదిలితే చాలు, రంగమంతా ఒక్కసారిగా మారిపోయేది; ఆ పనికి ఒక బాలుడు సరిపోయేవాడని నాటి కథనం. 1766లో స్వీడన్‌లో నిర్మించిన ద్రోత్నింగ్‌హోమ్ రాజనాటకశాలలో అదే తరహా కొయ్య యంత్రాంగం నేటికీ పనిచేసే స్థితిలో ఉన్నది. తిరుగుడు వేదిక సంగతి మరింత ఆసక్తికరం. జపాన్ కబుకి రంగస్థలం మీద నమికి షోజో 1758లో ఒసాకాలో దానిని నెలకొల్పినాడు. ఐరోపాలో కార్ల్ లౌటెన్‌ష్లేగర్ 1896లో మ్యూనిక్‌లో ప్రవేశపెట్టినాడు. కలకత్తా రంగమహల్‌కు సతూ సేన్ 1933లో దానిని తీసుకువచ్చినాడు.

తెలుగు రంగస్థలానికి ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి కుటుంబాలు తెరలు, కప్పీలు, మోకులు, సన్నని తీగలతోనే ఆకాశగమనాలనూ అద్భుతాలనూ తరతరాలుగా చూపుతూ వచ్చినాయి. ఆ తాడు పట్టినవాడు ఆ కుటుంబంలోని వాడే. పైన వేలాడేది తన అన్నో, కూతురో కావచ్చును. తాడు బిగిసినా, అనుకున్నదానికన్నా తేలికగా వచ్చినా అరచేతికి ముందు తెలుస్తుంది. ఆ చేయి వెంటనే ఆగుతుంది. దీనిని ఏ గ్రంథమూ బోధించలేదు. మోటారు వచ్చినప్పుడు రంగస్థలం కోల్పోయేది ఈ స్పర్శనే. మోటారుకు బలం ఉంటుంది గాని, తాను మోస్తున్నది కొయ్య మేడయో, మనిషి ప్రాణమో తెలియదు. ఆ తెలివిడిని దానికి మరొక రూపంలో అందించడమే కన్సోల్ అనుసంధానంలోనూ అమరికలోనూ జరిగే పని.

ఈ పనికి ఒక క్రమం ఉన్నది. జాగ్రత్త తెలిసిన సాంకేతికులు కదలికకు ముందు నిలుపుదలను సిద్ధం చేస్తారు. అత్యవసర నిలుపుదల మీటలు కన్సోల్‌లోని కంప్యూటర్ మీద ఆధారపడకుండా, తమదైన భద్రతా మార్గంలో పనిచేయాలి. వేదికకు ఇరువైపులా ఉన్న ప్రతి ఎర్ర మీటను నొక్కి, మోటారుకు శక్తి ఆగి, బ్రేకులు పడుతున్నాయో లేదో చూసిన తరువాతనే కదలికల పరీక్షకు పూనుకుంటారు. తలమీద బరువు మోసే యంత్రానికి ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు బ్రేకులు ఉండడం ఈ రంగంలో స్థిరపడిన ఆచారం. ఇట్టి యంత్రాల భద్రతకు ఐరోపా దేశాలు 2020లో ఈఎన్ 17206 అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించినాయి.

తరువాత ఒక్కొక్క యంత్రానికీ సంఖ్య, పేరు, దిశ నిర్ణయిస్తారు. ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ లెక్కను మిల్లీమీటర్లలోకి మార్చి, టేపుతో కొలిచి సరిచూస్తారు. ఎంత ఎత్తు దాటరాదో, ఎంత కిందికి దిగరాదో నమోదు చేస్తారు. ఆ లెక్క తప్పినా కాపాడడానికి లిమిట్ స్విచ్‌లు, అవీ విఫలమైతే ఆపడానికి చిట్టచివరి స్విచ్‌లు ఉంటాయి. గరిష్ఠ వేగం, వేగం అందుకునే తీరు, మోయదగిన బరువు నిర్ణయమవుతాయి. బరువు పెరిగినప్పుడే కాదు, హఠాత్తుగా తగ్గినప్పుడు కూడా యంత్రం ఆగాలి. దిగుతున్న బార్ దేనిమీదనో ఆనుకున్నదన్నమాట; తీగ వదులై, ఆనిక తొలగగానే బార్ ఒక్కసారి జారిపడవచ్చును. సురభి కళాకారుని అరచేయి గ్రహించే విషయమే ఇది, ఇక్కడ ఒక అంకెగా మారినది.

ఒకే దూలాన్ని నాలుగు మోటార్లు ఎత్తుతున్నప్పుడు ఒకటి ఆగితే మిగిలిన మూడూ ఆగేలా వాటిని కూటమిగా కట్టాలి. నేలతలుపు తెరిచి ఉన్నంతసేపూ దాని మీదికి బండి కదలకుండా నిషేధం పెట్టాలి. నడిపే వ్యక్తి మీటను నొక్కి పట్టుకున్నంతసేపే కదలిక సాగి, చేయి తీయగానే ఆగాలి. ఆ వ్యక్తికి వేదిక కళ్లారా కనిపించాలి. ఇవన్నీ సమకూరిన తరువాతనే నాటకానికి సంబంధించిన కదలికల క్రమాన్ని కన్సోల్‌లో కూర్చడం తగును. కన్సోల్ అమరికలో నిషేధాల జాబితాయే ప్రధానం.

ప్రసిద్ధ వైఫల్యాలను ఈ దృష్టితో చదవవచ్చును. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా నూతన భవనం 1966 సెప్టెంబరు 16న ఆరంభమైంది. ఆ సందర్భపు ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’ రిహార్సళ్లలోనే, మోయగల దానికన్నా మిక్కిలి బరువు పడి తిరుగుడు వేదిక చెడిపోయినది. అదే సంస్థ 2010లో రాబర్ట్ లెపాజ్ రూపకల్పనలో వాగ్నర్ ‘రింగ్’ కావ్యాలకు 24 పలకలతో, సుమారు 45 టన్నుల యంత్రాన్ని నిలిపినది. తొలి రాత్రి చివరి ఘట్టంలో, దేవతలు ఇంద్రధనుస్సు వంతెన మీదుగా స్వర్గానికి చేరవలసిన తరుణంలో, పలకలు కదలలేదు. దేవతా పాత్రధారులు వేదిక దిగి నడిచి వెళ్లవలసి వచ్చినది. అయితే కదలకుండా నిలిచిపోయిన యంత్రాన్ని నిందించడం కన్నా, కథ ముగింపు అంతటినీ ఆ ఒక్క కదలికకే అప్పగించి, మరొక దారి సిద్ధం చేయని ప్రయోగరచనను విమర్శించడం న్యాయం. యంత్రం ఆగినప్పుడు నటుడు ఏమి చేయాలన్నది కూడా రంగప్రయోగంలో భాగమే.

అదే ఏడాది డిసెంబరు 20న బ్రాడ్‌వేలో, సుమారు ఏడున్నర కోట్ల డాలర్ల వ్యయంతో తయారైన ‘స్పైడర్ మ్యాన్: టర్న్ ఆఫ్ ది డార్క్’ ప్రదర్శనలో ఒక నటుడు వేదిక భాగం మీది నుండి పడి తీవ్రంగా గాయపడినాడు. అతనిని పట్టి ఉంచవలసిన తీగను తగిలించలేదు. అనంతరం విధించిన జాగ్రత్తలు గమనార్హం: తీగ తగిలించినట్లు రెండవ వ్యక్తి సరిచూడాలి, ఆ సంగతి నోటితో చెప్పాలి. అంత ఖరీదైన యంత్రాంగానికి కావలసి వచ్చిన దిద్దుబాటు మరొక జత కళ్లు, ఒక మనిషి గొంతు.

ప్రభుత్వ రంగశాలలకు ఇట్టి కన్సోల్ సమకూర్చే అధికారులు ధరల పట్టికతో పాటు పట్టించుకోవలసిన అంశాలు ఇందువల్ల తేటపడుతున్నాయి. అమరిక పని సరఫరాదారు ప్రతినిధి ఒక్కడే ముగించి వెళ్లేది కాకూడదు. ఆ శాలలో ఏళ్ల తరబడి తెరలు లాగినవారు పక్కన ఉండి, ఏ బార్ ఎక్కడ తగులుతుందో, ఏ మూల చీకటిగా ఉంటుందో చెప్పాలి. నిజమైన బరువులు వేలాడదీసి పరీక్షించాలి. ప్రతి హద్దూ, దాని కారణమూ స్థానిక భాషలో రాసిన పుస్తకం, కన్సోల్ అమరికల ప్రతి శాలలోనే భద్రపరచాలి. ఎర్ర మీట నొక్కినవాడు చిన్న ఉద్యోగి అయినా, ప్రదర్శన ఆగినందుకు అతనిని సంజాయిషీ అడగరాదు. ముఖ్య అతిథి ముందు వరుసలో కూర్చున్న రోజున కూడా ఈ నియమం నిలబడాలి. ఆ హామీ లేని చోట, ఎంత మేలైన కన్సోల్ అయినా ఆ ఉద్యోగి చేయి మీట దగ్గర తటపటాయిస్తుంది.