నల్లజాతి ప్రేమ నవలలు – మన విమర్శకు కొన్ని ప్రశ్నలు

ప్రేమ నవలల మీద వ్యాసమా, అదీ ఈ పత్రికలోనా అని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. ఆ అనుమానం నాకు కొత్త కాదు. 1983లో ఒక సాహిత్య సభలో, వారపత్రికల ప్రేమ నవల మధ్యతరగతి స్త్రీకి వ్యాపార సంస్కృతి పోస్తున్న మత్తుమందు అని నేనే అరగంట మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు. ఆనాడు నేనన్న దాంట్లో సగం ఇప్పటికీ నిజమే. మిగతా సగం తప్పని ఒప్పుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఒప్పించినవి అమెరికా నల్లజాతి రచయిత్రుల ప్రేమ నవలలు. అంతకు ముందే ఒప్పించవలసిన మనిషి మా ఇంట్లోనే ఉండేది. ముందుగా ఆమె సంగతి చెప్పాలి.

మాది కొడకండ్ల. ఇవాళ జనగామ జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లా. మగ్గాల ఊరు. పని దొరకని రోజుల్లో మగవాళ్ళు భీవండికీ, షోలాపూర్‌కూ, సూరత్‌కూ పోతే ఆడవాళ్ళు ఇళ్ళలో కండెలు చుడుతూ కాలం గడిపేవాళ్ళు. 1977 ప్రాంతంలో, నేను బడిలో చదివే రోజుల్లో, జనగామ అద్దె పుస్తకాల దుకాణం నుంచి ఎవరో ఒకరు నవలలు తెచ్చేవాళ్ళు. మధ్యాహ్నం రాట్నాల మధ్య కూచుని నేను పైకి చదివేదాన్ని. చదువురాని పదిమంది వినేవాళ్ళు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అట్లా రెండుసార్లు చదివాను. జయంతి ఆత్మాభిమానానికి మురిసిపోయారు, రాజశేఖరం కారు దిగితే రాట్నాలు ఆగిపోయేవి.

మా చిన్నమ్మది రంగుపని. బానల్లో నూలు ముంచీ ముంచీ ఆమె వేళ్ళు గోళ్ళదాకా నీలం పట్టి ఉండేవి. ఒళ్ళు నలుపు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు చేతులు కొంగుకింద దాచుకునేదని అమ్మ చెప్పేది. ఒకరోజు నవల అయిపోయాక ఆమె అడిగింది: "గిసోంటి చేతులున్నదాన్ని ఎవలన్న పావురంగ చూసుకున్న కత లేదా బిడ్డా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న సాహిత్య విమర్శ అని అప్పుడు నాకు తెలియదు.

అట్లాంటాలో ఉండే మా అక్క కూతురు కొన్నేళ్ళ కింద తెచ్చిన పుస్తకాల్లో బెవర్లీ జెంకిన్స్ రాసిన 'ఇండిగో' ఉంది. 1996లో వచ్చిన నవల. కథాకాలం 1858. నాయిక హెస్టర్ వయాట్ బానిసత్వంలో పుట్టిన పిల్ల. చిన్నతనంలో నీలిమందు తోటలో చేసిన చాకిరీ వల్ల ఆమె చేతులకు ఆ రంగు శాశ్వతంగా అంటుకుపోయింది. ఇప్పుడు మిషిగన్‌లో స్వేచ్ఛగా ఉంటూ, దక్షిణాది నుంచి పారిపోయి వచ్చే బానిసలకు తన ఇంట్లో రహస్యంగా ఆశ్రయమిస్తుంది. గాయపడి ఆమె నేలమాళిగకు చేరిన గేలన్ వేషాన్ బానిసలను విముక్తికి నడిపించే ధైర్యశాలి. వాళ్ళిద్దరి ప్రేమే కథ. హెస్టర్ తండ్రి స్వేచ్ఛాజీవిగా ఉండి కూడా, బానిసగా ఉన్న భార్య దగ్గర బతకడానికి తనను తాను బానిసగా అమ్ముకున్నాడన్నది ఈ కథకు పునాది.

ఆ చేతుల సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను. మా చిన్నమ్మ పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆమె అడిగిన కథ ఉంది. ఇంకో ఖండంలో, ఇంకో భాషలో ఉంది.

ఈ నవలలకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర లేకుండా వీటిని చదివితే ఒట్టి కాలక్షేపంగానే కనిపిస్తాయి. అమెరికా బానిస చట్టాల్లో బానిసల పెళ్ళికి గుర్తింపు లేదు. భార్యను ఒకడికి, భర్తను ఇంకొకడికి, బిడ్డను మూడోవాడికి అమ్మవచ్చు. అంతర్యుద్ధం ముగిశాక విముక్తులైనవాళ్ళు, ఎప్పుడో విడిపోయిన భార్య కోసం, భర్త కోసం, పిల్లల కోసం ఏళ్ళ తరబడి పత్రికల్లో ప్రకటనలు వేయించారు. అటువంటి జాతి ఆడమనిషి, నన్నూ ఒకరు ప్రేమిస్తారు, నా కథ కూడా సుఖాంతమవుతుంది అని రాసుకోవడం పలాయనవాదమా? చట్టం తనకు నిషేధించిన దాన్ని సాహిత్యంలో స్వాధీనం చేసుకోవడమా? మన పరిభాషను యాంత్రికంగా వాడితే మొదటి జవాబు వస్తుంది. చరిత్రలో పెట్టి చూస్తే రెండోది వస్తుంది.

ప్రచురణరంగం ఈ స్వాధీనాన్ని సులభంగా జరగనివ్వలేదు. ఎల్సీ వాషింగ్టన్ అనే పాత్రికేయురాలు రోజలిండ్ వెల్స్ పేరుతో రాసిన 'ఎంట్వైన్డ్ డెస్టినీస్' 1980లో వచ్చింది. పెద్ద సంస్థ ప్రేమ నవలల వరుసలో నల్లజాతి రచయిత్రి నల్లజాతి జంట మీద రాసిన తొలి నవలగా దాన్ని చెబుతారు. దాన్ని వేయించిన సంపాదకురాలు వివియన్ స్టీఫెన్స్ కూడా నల్లజాతి స్త్రీయే. అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. ఆమె నిలబెట్టిన ఆ సంఘం తన ప్రధాన బహుమతిని నల్లజాతి రచయిత్రులకు మొదటిసారి ఇచ్చింది 2019లో. దాదాపు నలభై ఏళ్ళు! లాస్ ఏంజెలెస్‌లోని ఒక పుస్తకాల దుకాణం లెక్క తీస్తే, 2017లో అక్కడి ప్రధాన సంస్థలు వేసిన ప్రతి 100 ప్రేమ నవలల్లో శ్వేతేతర రచయితలవి ఏడు కూడా లేవు. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రేమించదగిన శరీరం ఎవరిదో మార్కెట్ ముందే తీర్మానించి పెట్టుకుంది.

మన పొరపాటు ఒక్క మనదే కాదు. 1937లో జోరా నీల్ హర్‌స్టన్ 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' వెలువడింది. జేనీ అనే నల్లజాతి స్త్రీ రెండు పెళ్ళిళ్ళలో ఉక్కిరిబిక్కిరై, చివరకు టీ కేక్ అనే దిమ్మరి కూలీతో కలిసి ఫ్లోరిడా చిత్తడినేలల్లో చిక్కుళ్ళు ఏరుతూ ప్రేమంటే ఏమిటో తెలుసుకున్న కథ. దాన్ని కమ్యూనిస్టు పత్రిక 'న్యూ మాసెస్'లో సమీక్షించినవాడు రిచర్డ్ రైట్. ఆ నవలకు వస్తువు లేదు, సందేశం లేదు, తెల్ల పాఠకుల సరదాకు పనికివచ్చే రచన అని కొట్టిపారేశాడు. రైట్ గొప్ప రచయిత. నిబద్ధత ఉన్నవాడు. కాని కూలీ స్త్రీ ప్రేమ కూడా వస్తువేనని, ఆమె తన శరీరానికి తానే యజమాని కావడం కూడా సందేశమేనని ఆయనకు తోచలేదు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో చనిపోయింది. గుర్తులేని ఆమె సమాధిని 1973లో వెతికి రాయి పెట్టించింది ఆలిస్ వాకర్, ఇంకొక రచయిత్రి. విమర్శకుడు పూడ్చినదాన్ని పాఠకురాలు తవ్వి తీయవలసి వచ్చింది.

1983 సభలో నేను మా ఊరి రిచర్డ్ రైట్‌ని. ఆయన ప్రతిభ లేదు, ఆయన తొందరపాటు మాత్రం ఉంది.

అయితే ఈ నవలలను నెత్తిన పెట్టుకొమ్మని నేను చెప్పడం లేదు. 'ఇండిగో'నే చూడండి. హెస్టర్ చేతులు నీలం, ఒళ్ళు నలుపు. గేలన్ న్యూ ఆర్లియన్స్‌లోని సంపన్న కుటుంబంవాడు, లేతరంగువాడు. అంటే నాయికను శ్రమ నుంచి తీసుకున్న రచయిత్రి నాయకుణ్ణి ఐశ్వర్యం నుంచే తీసుకోవలసి వచ్చింది. రాజశేఖరం అక్కడ కూడా ఉన్నాడు. బానిసల విముక్తి కోసం ప్రాణాలొడ్డేవాడు కాబట్టి మన రాజశేఖరాలకన్న ఎంతో మెరుగు, నిజమే. కాని ప్రేమ రుజువు కావాలంటే సంపద రావాలన్న సూత్రం చెక్కుచెదరలేదు. నీలం చేతుల మనిషిని ఇంకొక నీలం చేతుల మనిషి ప్రేమిస్తే సుఖాంతం కాదా? ఈ ప్రశ్న దగ్గర నవల ఆగిపోయింది. ఆ ప్రశ్నకు దారి 1937లోనే హర్‌స్టన్ చూపింది.

మార్కెట్ సంగతి కూడా మరవకూడదు. 1994లో కెన్సింగ్టన్ సంస్థ నల్లజాతి ప్రేమ నవలలకు ఒక ప్రత్యేక వరుస మొదలుపెట్టింది. తరవాత హార్లెక్విన్ అటువంటిదే నడిపి, 2017లో మూసేస్తున్నట్టు ప్రకటించింది. అమ్ముడుపోయినంతకాలం వేరే అర, అమ్మకం తగ్గితే తాళం. పెట్టుబడి ఇచ్చే గుర్తింపుకు అంతే ఆయుష్షు.

ఇటీవలి నవలల్లో నాకు నచ్చింది కెనడీ రయాన్ 2022లో రాసిన 'బిఫోర్ ఐ లెట్ గో'. యాస్మెన్, జొసయా అట్లాంటాలో ఒక హోటల్ కలిసి నడుపుకునే జంట. బిడ్డ పోయిన దుఃఖంలో విడాకులు తీసుకున్నారు. ఆ తరవాత కూడా పిల్లలనూ హోటల్‌నూ కలిసే చూసుకుంటారు. మళ్ళీ దగ్గరవడం ఒక్క చూపుతో జరగదు. ఆమె తన మనోవ్యాధికి వైద్యం చేయించుకోవాలి. మగవాడు ఏడవడం నేర్చుకోవాలి. ఇద్దరూ పనిచేసే మనుషులు. వంటింటి ఖర్చూ, బాకీలూ, అలసటా కథ బయట లేవు. ఇక్కడ ప్రేమ శ్రమ నుంచి సెలవు కాదు. మధ్యతరగతి పరిధి దాటకపోయినా, నిజాయితీ గల నవల.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మా కొడకండ్ల చుట్టుపట్ల పల్లెలు విసునూరు దేశముఖ్ పాలన చూసినవి. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట కాపాడుకున్న నేల ఇది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నేల. దొరబిడ్డ అత్తగారింటికి పోతే ఆమె వెంట పంపిన ఆడబాపలకు పెళ్ళి లేదు, పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో ఆ వ్యవస్థను నమోదు చేశారు. అమెరికా తోటలోనైనా తెలంగాణ గడీలోనైనా ప్రేమించే హక్కును ముందుగా లాక్కున్నది యజమానే. నలుపూ కులమూ ఒకటే అని నేను అనడం లేదు. మన దగ్గర నల్లని అగ్రకులస్తుడికి అగ్రకులం ఎక్కడికీ పోదు. కాని 1972లో బొంబాయిలో దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత పాంథర్లయినప్పుడు ఈ రెండింటి బంధుత్వాన్ని గుర్తించే తీసుకున్నారు.

మన సాహిత్యం ఏం చేసింది? వ్యాపార నవల నల్లని శ్రామిక స్త్రీని పనిమనిషిగా తలుపు దగ్గర నిలబెట్టింది. మనం ఆమెను లోపలికి పిలిచాం, నిజమే. ఆకలి ఇచ్చాం, అవమానం ఇచ్చాం, పోరాటం ఇచ్చాం, అమరత్వం ఇచ్చాం. ప్రేమ మాత్రం ఇవ్వలేదు. రంగనాయకమ్మ 'బలిపీఠం' హరిజన యువకుడు భాస్కర్‌కూ బ్రాహ్మణ వితంతువు అరుణకూ పెళ్ళి జరిపింది. ఆ పెళ్ళి ఏమైందో పేరే చెబుతుంది. అది వాస్తవికతే అంటాం. సరే. ఒక వర్గం ప్రేమకు ఊహాలోకాలూ, ఇంకొక వర్గం ప్రేమకు వాస్తవికతా పంచిపెట్టింది ఎవరు? గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు', జాజుల గౌరి 'మన్నుబువ్వ' చదివితే, ఆ జీవితాల్లో వాత్సల్యం, పరిహాసం, ఒకరికొకరు నిలబడడం ఎంత ఉందో తెలుస్తుంది. ఆ జీవితం నుంచి నిండు ప్రేమ నవల రావడానికి అన్ని దినుసులూ ఉన్నాయి. దాన్ని నవలగా గౌరవించే విమర్శ మన దగ్గర ఉందా అన్నదే అనుమానం.

ఇన్ని సమస్యలుండగా ప్రేమ గోలేమిటని అడిగే మిత్రులకు నా జవాబు ఒక్కటే. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో పెరుమాళ్ళ ప్రణయ్‌ను ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్ళముందు నరికి చంపారు. అతను చేసిన నేరం కులం దాటి ప్రేమించి పెళ్ళాడడం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రేమకు కత్తితో జవాబు చెప్పే సమాజంలో ప్రేమ రాజకీయం కాదనడం విమర్శకుడి అమాయకత్వమైనా కావాలి, సోమరితనమైనా కావాలి. ఆ కత్తి వెనక ఉన్నది ఎవరు ఎవరికి తగినవారన్న తీర్పు. మన ప్రేమ నవలలు అరవై ఏళ్ళుగా పుట్టుమచ్చలూ పచ్చని చేతులూ వర్ణిస్తూ మెత్తగా అందించిందీ ఆ తీర్పునే.

కాబట్టి ప్రేమ నవలను మత్తుమందని తోసివేయడంతో మన పని తీరదు. దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరి శరీరాన్ని ప్రేమకు అర్హమైనదిగా చూపింది? ప్రేమ కుదిరాక నాయిక చేతిలోని పని ఏమైంది? సుఖాంతం ఆమె ఒక్కతే మేడ ఎక్కడమా, ఆమె నిలబడిన నేల కొంచెమైనా మారడమా? నల్లజాతి నవలలు మొదటి ప్రశ్నకు గట్టిగా జవాబిచ్చాయి, రెండోదానికి కొన్ని ఇచ్చాయి, మూడోదాని దగ్గర చాలావరకు తడబడ్డాయి. మనవాటికి మొదటి ప్రశ్నే ఇంకా ఎవరూ వేయలేదు.

యువ రచయితలు ఆ నవల రాయాలి. మగ్గం గుంటలోనో, బీడీల చాట ముందో, భీవండి పవర్‌లూమ్ షెడ్డులోనో కలుసుకున్న ఇద్దరి నవల. వాళ్ళలో ఎవరూ చావకూడదు, ఎవరికీ ఆస్తి కలిసిరాకూడదు. రాయడం కష్టమే. రాస్తే, ఈ ఊళ్ళో కండెలు చుట్టే వాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళకు పైకి చదివి వినిపించే పూచీ నాది. మా చిన్నమ్మకు నేను బాకీ ఉన్నాను.