కంపెనీ రంగు, సీ బుక్కు: చెయ్యి పడని పాత బండి విలువ

ఉభయ గోదావరి జిల్లాల్లో యాభై ఏళ్లు దాటిన మోటారు వాహనం అంటే చాలావరకు మద్రాసు ఎన్‌ఫీల్డు బుల్లెట్టో, మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారుచేసిన జావా మోటారు సైకిలో, హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడరో, మహీంద్రా జీపో అయి ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం ఎప్పుడో ఒకప్పుడు టింకరింగు షెడ్డుకు చేరి, లప్పం పట్టించుకుని, కొత్త రంగుతో బయటికి వచ్చినవే. సంక్రాంతికి ఇంటి గోడలనే పాతవిగా ఉండనివ్వని సీమలో బండిని మాత్రం ఎవరు ఉండనిస్తారు? అయితే కర్మాగారం నుంచి వచ్చిన రంగు, సీటు, ఇంజిను యథాతథంగా నిలిచిన బండికి, తళతళలాడేలా మళ్లీ చేయించిన బండికంటె ఎక్కువ విలువ కట్టే సంప్రదాయం ఒకటి అమెరికాలో మజిల్ కార్ల చుట్టూ బలపడింది. దానికి దగ్గరగా వచ్చే చట్టపరమైన గుర్తింపు భారతదేశంలో 2021లో ఏర్పడింది.

మజిల్ కారు అంటే, 1960 దశకంలో అమెరికా కంపెనీలు మధ్యతరహా కారులో పెద్ద ఇంజిను అమర్చి, యువకులకు అందుబాటు ధరలో అమ్మిన వాహనం. 1964 నాటి పాంటియాక్ జీటీవోను ఈ తరగతికి ఆద్యంగా చాలామంది లెక్కిస్తారు. ఆ ఏడాది జీటీవో ప్రత్యేక నమూనా కాక, లెమాన్స్ అనే మామూలు కారుకు అదనపు రుసుముతో చేర్చిన అమరిక మాత్రమే కావడం వల్ల, కారుపై ముద్రించిన నంబరును చూసి అది జీటీవో అవునో కాదో చెప్పడం సాధ్యం కాదు. మామూలు లెమాన్స్‌కు తగిన భాగాలు బిగించి జీటీవోగా అమ్మడానికి దారి ఏర్పడింది ఇక్కడే. అందుకే కర్మాగారపు రికార్డుల నకళ్లను అందించే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్, ఫోర్డు వాహనాలకు మార్టీ రిపోర్టు వంటివి పుట్టాయి. కాగితం లేని జీటీవోను నిపుణుడు జీటీవోగా అంగీకరించడు.

కాగితం తరువాత పరీక్ష లోహానిది. పోత పోసిన ఇంజిను దిమ్మెపై ఆ పోత తేదీ ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటుంది. అది కారు తయారైన తేదీకి కొద్దిగా ముందుదై ఉండాలి, తరువాతిదైతే ఆ ఇంజిను ఆ కారుతో పుట్టినది కాదని తేలినట్లే. పాత నంబరును అరగదీసి కొత్తది కొట్టే మోసం కూడా ఉన్నందువల్ల, పరీక్షకుడు నంబరును మాత్రమే గాక, దాని కింద యంత్రం చెక్కిన సన్నని సమాంతర గీతలు చెదరకుండా ఉన్నాయా అని భూతద్దంతో చూస్తాడు. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం మరొక సాక్షి: కర్మాగారపు రంగు సుమారు మిల్లీమీటరులో పదోవంతు మందం ఉంటుంది, దాని మీద మళ్లీ రంగు వేస్తే కొలత పెరుగుతుంది, కింద లప్పం ఉంటే అనేక రెట్లకు చేరుతుంది. కార్వెట్ కార్లకు బ్లూమింగ్టన్ గోల్డ్ అనే సంస్థ ఇచ్చే ‘సర్వైవర్’ గుర్తింపు కూడా, సగానికి పైగా భాగాలు ముట్టుకోకుండా మిగిలి ఉండాలనే ప్రమాణం మీద నిలిచింది.

ఈ దృష్టి ఎంత దూరం వెళ్లిందో 1968 నాటి ‘బులిట్’ చిత్రంలో వాడిన మస్టాంగ్ కారు చూపుతుంది. 1974లో ఒక కుటుంబం చేతికి వచ్చి, దశాబ్దాలు మరుగున ఉన్న ఆ కారు, వెలిసిన ఆకుపచ్చ రంగుతో, మరమ్మతుల మచ్చలతో 2020 జనవరిలో వేలానికి వచ్చి, రుసుములతో కలిపి 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. చిత్రీకరణ కోసం కెమెరా నిలపడానికి దాని అడుగున అతికిన గొట్టాలు కర్మాగారం పెట్టినవి కావు; అయినా వాటిని తొలగించి ఉంటే కారు విలువ పెరగక తరిగిపోయేది. అంటే అసలుతనం అన్నది పుట్టిన రోజు స్థితి కాదు, ఆ రోజు నుంచి తెగకుండా వచ్చిన చరిత్ర.

భారత ప్రభుత్వం 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజినులలో చెప్పుకోదగ్గ మార్పులకు గురికాని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా గుర్తించింది. రాష్ట్రం నియమించే కమిటీ వాహనాన్ని పరిశీలిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తరువాత పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. కొత్తగా నమోదయ్యే బండికి రాష్ట్రపు అక్షరాల తరువాత ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే నమోదైనది తన పాత నంబరును ఉంచుకోవచ్చు. ఈ వాహనాలను ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతు వంటి పనులకు తప్ప నిత్యవాడకానికి గాని, వ్యాపారానికి గాని రోడ్డెక్కించరాదు. నిర్వచనంలో రంగు పేరు లేకపోవడం ఒక లోపమే: చాసిస్, ఇంజిను సరిగా ఉండి, కంపెనీ రంగు పూర్తిగా గీకివేసిన బుల్లెట్టు, దాన్ని కాపాడుకున్న బుల్లెట్టు ఈ నియమం ముందు సమానమే అవుతాయి, సేకర్తల ముందు ఎన్నటికీ కావు.

గోదావరి డెల్టాలో ఈ అసలుతనపు పరీక్ష మరింత కష్టం. కాకినాడ నుంచి అంతర్వేది దాకా ఉప్పుగాలి తగిలే పల్లెల్లో రేకు అడుగు నుంచి తుప్పు మొదలవుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద నది దాటిన బండ్లకు ఉప్పునీటి తుంపర కూడా తోడైంది. 1986 వరదల వంటి సందర్భాలలో మునిగిన వాహనాన్ని పైపైన ఎంత కడిగినా, తలుపు రేకుల మధ్య, హెడ్‌లైటు గిన్నెలో ఒండ్రు పొర మిగిలే అవకాశముంది. పరిశీలకుడు చూడవలసినది అక్కడే. ఇంజిను మార్పిడి అన్నిటికన్నా పెద్ద చిక్కు: పెట్రోలు ఖర్చుకు భయపడి అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు, బుల్లెట్లకు పంపుసెట్ల తరహా చిన్న డీజిల్ ఇంజిన్లు బిగించుకోవడం దేశంలో చాలాచోట్ల జరిగింది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసి, ఇంజిను నంబరుతో పాటు సీ బుక్కులోని నమోదుతో సరిపోల్చితే ఈ సంగతి బయటపడుతుంది. బుల్లెట్టుకు మరో సులభమైన గుర్తు ఉంది: మద్రాసు కర్మాగారంలో పెట్రోలు ట్యాంకు మీద బంగారు గీతలను కుంచెతో చేత్తోనే గీసేవారు కాబట్టి వాటి మందంలో సన్నని తేడాలుంటాయి, తేడా లేకుండా సాగే గీత అయితే తరువాత అంటించిన స్టిక్కరై ఉండవచ్చు.

విలువ కట్టడంలో బీమా లెక్క పెద్దగా తోడ్పడదు. బండి ఐదేళ్లకు చేరేసరికి దాని ధరలో సగం తరిగినట్లు లెక్కిస్తారు. ఆపైన కట్టే విలువ కంపెనీకి, యజమానికి మధ్య కుదిరే ఒప్పందమే. ఆ ఒప్పందంలో యజమాని పక్షాన నిలిచేవి తొలి సీ బుక్కు, షోరూము రసీదు, పాత బీమా కాగితాలు, షెడ్డు బిల్లులు, తేదీ తెలిసిన ఛాయాచిత్రాలు. అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో చెప్పినట్టు, పునరుద్ధరణ కంటె సంరక్షణకే ముందు స్థానం. తుప్పును ఆపాలి గాని దాని ఆనవాలును చెరపనక్కరలేదు. టైర్లు, బ్రేకు లైనింగులు, రబ్బరు గొట్టాలు మార్చక తప్పదు, ప్రాణభద్రతకు అవి అవసరం. అయితే తీసిన భాగం ఏదైనా పాత ఇనుము వ్యాపారికి పోకుండా, ఎప్పుడు ఎందుకు తీశారో చెప్పే చీటీతో బండితో పాటే పెట్టెలో ఉంచితే, పరిశీలించే కమిటీ ఆ చీటీని కూడా సాక్ష్యంగా చూడగలుగుతుంది.