రెండున్నర మాత్రలు

హెచ్ఐవీ ఉన్న పిల్లలను సాకే ఇంట్లో అసలు పనితనం చూడాలంటే రాత్రి ఎనిమిదింటికి చూడాలి. సంగటి తినడం అయిపోయి, పిల్లలు చాపల మీదికి చేరే వేళ. మందులిచ్చే అక్క పేర్లు రాసిన డబ్బాలు, చిన్న స్టీలు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చుంటుంది.

బిడ్డ బరువు 14 కిలోలు నిండి 20 లోపు ఉంటే హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ 10 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నర. ఆ అర దగ్గరే చేతి నేర్పు తెలుస్తుంది. మాత్ర నడుమ గీత ఉంటుంది. రెండు బొటనవేళ్లు దానికి అటూ ఇటూ ఆనించి విరవాలి, పొడి రాలకూడదు. గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి కరిగించి, అరగంట లోపు తాగించాలి. తాగేశాక అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. అక్క ఇంకాసిన్ని నీళ్లు పోసి, గిన్నె తిప్పి, అదీ తాగిస్తుంది. మడ్డి కూడా మందే కదా. "మింగితివా నాయనా? నోరు చూపీ."

మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. అందుకే నెలనెలా తూకం. 13 కిలోల 800 గ్రాములున్న బిడ్డకు రెండు మాత్రలే. ఇంకో 200 గ్రాములు పెరిగితే రెండున్నర. చెనిక్కాయలు, గుడ్డు తిని ఒళ్లు చేసిందని మురిసిపోయి ఊరుకుంటే సరిపోదు, డబ్బా మీది లెక్కా మార్చాలి. మోతాదు తగ్గినా, రోజులు తప్పినా వైరస్ మందుకు అలవాటు పడిపోవచ్చు. ఆ తర్వాత అదే మందు ఎంత పోసినా లొంగదు.

ఎనిమిది గంటలే ఎందుకు? నిద్ర వేళ కాబట్టి అనుకుంటారు చాలామంది. ఇంకో సుళువూ ఉంది. బడిలో మధ్యాహ్నం భోజనమయ్యాక ఐరన్ మాత్ర ఇస్తారు. ఐరన్ పడ్డాక ఆరు గంటలైనా ఆగి డోలుటెగ్రావిర్ ఇస్తే దాని పనికి అడ్డుండదు. రాత్రికి ఆ ఎడం దానంతటదే వచ్చేస్తుంది.

ఇప్పటి అక్కలకు ఒక కష్టం తప్పింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు) ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైనా, పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 నవంబరులో గానీ రాలేదు. అంతకుముందు పెద్దల మాత్రలే ముక్కలు చేసి వేసేవారు. తర్వాత వచ్చిన లోపినావిర్ సిరప్ వేపాకంత చేదు. పైగా ఫ్రిజ్‌లో ఉండాలి. కర్నూలు ఎండల్లో కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ సీసాను కాపాడటం తలచుకుంటేనే నాకు చెమట పడుతుంది. నీళ్లలో కరిగే ఈ చిన్న మాత్ర 2020 తర్వాతి భాగ్యం.

మందులు కర్నూలు, కడప పెద్దాసుపత్రుల ఏఆర్టీ సెంటర్ల నుంచి వస్తాయి. రాయలసీమలో ఈ జబ్బు వైద్యానికి ఇంకో పెద్ద దిక్కు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి.

మందు పోయడం కన్నా కష్టమైంది జవాబు చెప్పడం. "బడిలో ఎవరూ వేసుకోరు, నేనే ఎందుకక్కా?" బడి ఈడు పిల్లలకు తమ జబ్బు సంగతి తెలియాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. నేర్పున్న అక్క ఒక్కరోజే అంతా చెప్పదు. ఆరేళ్లకు "నీ ఒంట్లో పురుగును నిద్రపుచ్చే మందు" అంటుంది. ఇంకాస్త పెద్దయ్యాక ఆ పురుగు పేరు చెబుతుంది.

2017 హెచ్ఐవీ చట్టంలో ఒక మంచి మాట ఉంది. ఇలాంటి కుటుంబంలో బాధ్యత తెలిసిన తోబుట్టువుకు 12 ఏళ్లు నిండితే చాలు, చిన్నవాళ్లకు సంరక్షకులు కావచ్చు. ఆ ఈడు పిల్లకు 20 కిలోలు ఎప్పుడో దాటి ఉంటాయి. 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గుటుక్కున మింగుతుంది. ఆ వెంటనే తమ్ముడి గిన్నె అందుకుని, అడుగున మడ్డి మిగిలిందేమోనని దీపం కింద వంచి చూస్తుంది.