అద్దంలో రంధ్రం

మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో అద్దాల దుకాణం అంటే కోత పనే గుర్తొస్తుంది. నా లెక్కలో అసలు నేర్పు రంధ్రం వేయడంలో ఉంది. ఉదాహరణకు, నాచు, ఫెర్న్ మొక్కలు పెంచుకునే వివేరియం గాజుపెట్టెకు అడుగున నీరు పోయే దారి ఉండాలి కదా. గాజు ఇనుములా సాగదు. ఒకచోట వేడెక్కితే పగులుతుంది. అందుకే వజ్రపు పొడి అతికించిన బోలు బిట్టుతో దాన్ని మెల్లగా అరగదీస్తారు. నీళ్లు ధారగా పడుతుండాలి, చివరికొచ్చేసరికి చేతి బరువు తగ్గాలి. పెచ్చులూడకుండా సగం ఇటునుంచి, సగం అటునుంచి వేస్తారు.

యంత్రం చేసే పనిలో గొప్పేముందని అడగొచ్చు. యంత్రం తిరుగుతుంది, అంతే. మారుతున్న చప్పుడు వినాల్సింది మనిషి చెవే. కొలిమిలో కాల్చి గట్టిపరిచిన టఫెన్డ్ అద్దాన్ని గుర్తుపట్టి ‘కుదరదు’ అనడమూ పనితనమే. దానికి రంధ్రాలు సుమారు 620 డిగ్రీల కొలిమికి వెళ్లకముందే పడాలి. తర్వాత బిట్టు పెడితే పలకంతా పలుకులే. కుదరదంటే కొనేవాడు అలుగుతాడు, అది వేరే సంగతి.