అరుంధతి బంగళా, ఆళ్లగడ్డ రాయి

నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య దొరికే రెండు మూడు నెలల్లో బట్టలు తీయడం, పత్రికలు పంచడం, మండపం మాట్లాడడం అన్నీ పెద్దవాళ్ల పనులు. ప్రీ వెడ్డింగ్ షూట్ ఒక్కటే కాబోయే మొగుడూపెళ్లాలు తామే కూర్చుని, వాదులాడుకుని, ఒక మాట మీదికి వచ్చి చేసే మొదటి పని. అందుకే ఆ ఆల్బంలను ఊరికే తిరగేసి పక్కన పెట్టడం నాకు చేతకాదు. ఈమధ్య రెండు ఆల్బంలు చూశాను. ఒకటి నంద్యాల జంటది, ఇంకొకటి ఆళ్లగడ్డ జంటది. ఊళ్ల మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు హైవే. రెండూ ఒకే జిల్లా, 2022 దాకా కర్నూలు, ఆ తర్వాత నంద్యాల. తీరు మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు.

నంద్యాల ఆల్బం రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవదు. మూడు లొకేషన్లు, లెక్కలేనన్ని డ్రస్సులు. మొదటి పేజీలోనే బనగానపల్లె నవాబుల బంగళా. 2009లో కోడి రామకృష్ణ తీసిన 'అరుంధతి' ఆడిన తర్వాత దానికి నవాబుల పేరు పోయి అరుంధతి బంగళా అన్న పేరే ఖాయమైంది. యాగంటి దారిలో ఎవరిని అడిగినా ఆ పేరుతోనే చూపిస్తారు. 1948లో దేశంలో కలిసేదాకా బనగానపల్లె ఒక చిన్న సంస్థానమన్న సంగతి ఈ ఫొటోల్లో ఎక్కడా సోకదు. పెళ్లికూతురిది ఎర్ర గౌను. దాని తోక గాల్లోకి ఎగరేసి, ఫ్రేములో పడకుండా అసిస్టెంట్ కుర్రవాడు పక్కకు దూకినట్టున్నాడు. ఒక ఫొటోలో అతని చెప్పు మిగిలిపోయింది. వెనక గులాబీ రంగు పొగ. సినిమా లెక్కన విలన్ పశుపతిని సమాధి చేసిన కోట కదా అది, ఇక్కడ ఈ ముద్దూముచ్చటా ఏమిటని నాకు నవ్వు ఆగలేదు. ఆ జంటకు ఆ ఆలోచనే తట్టలేదట. ఫొటోగ్రాఫర్ ఫోనులో చూపించిన ముప్పై నలభై రిఫరెన్సుల్లో ఆ బంగళా బాగా పండిందట, అంతే.

తర్వాత గండికోట. పెన్న లోయ అంచున చేతులు చాచి నిలబడ్డ అబ్బాయి, అతని భుజం మీద వాలిన అమ్మాయి. దీని గురించి చెప్పేదేమీ లేదు. ఆ బండ మీద ఆ పోజులో ఇప్పటికి ఎంతమంది నిలబడ్డారో ఆ బండకే తెలియాలి.

బేలుం గుహల దగ్గర ఆల్బం కాస్త ఊపిరి తీసుకుంటుంది. నిజానికి అక్కడ ఊపిరి తీసుకోవడమే కష్టం. 3,229 మీటర్ల పొడవున నేల కింద నీళ్లు సున్నపురాయిని తొలిచిన దారులవి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, 1982, 83లో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది, 2002 నుంచి సందర్శకులను వదులుతున్నారు. లోపలికి గాలి యంత్రాలతో పంపాలి. ఉక్కకు కెమెరా అద్దం మసకబారుతుంది, పది నిమిషాలకే మేకప్ కారుతుంది. పర్యాటక శాఖ పెట్టిన రంగు దీపాలు మొహాల మీద పడితే ఒక చెంప పచ్చగా, ఇంకో చెంప ఎర్రగా కనిపిస్తుంది. ఇన్ని కష్టాల మధ్య ఊడలమర్రి అనే చోట తీసిన ఒక ఫొటో ఉంది. అబ్బాయి చెమటకు తడిసి ముద్దయ్యాడు. అమ్మాయి ఆ ఖరీదైన లెహంగా చున్నీతోనే అతని మెడ వెనక తుడుస్తోంది. ఎవరూ కెమెరా వైపు చూడట్లేదు. అతని మొహంలో "ఇంకెంతసేపు" అన్న విసుగు, ఆమె మొహంలో "కాసేపు ఓర్చుకో" అన్న అదిలింపు. పెళ్లయిన పదేళ్లకు కూడా వాళ్లిద్దరూ ఇలాగే ఉంటారని నమ్మకంగా చెప్పగల ఫొటో ఆల్బం మొత్తంలో అదొక్కటే. దాన్ని చివరి పేజీలో, మూలకు, అగ్గిపెట్టె సైజులో వేశారు.

ఇంకో సంగతి ఆల్బం మూశాక గానీ తట్టలేదు. నంద్యాల జంట ఆల్బంలో నంద్యాల లేదు. కుందూ లేదు, కేసీ కెనాల్ గట్టు లేదు. ఊళ్లోనే ఉన్న ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది గుళ్ల వీధుల్లో ఒక్కటీ లేదు. దగ్గర దగ్గర ఇరవై కిలోమీటర్లలో మహానంది ఉంది. కోనేటి అడుగున పడిన చిల్లర బిళ్ల కూడా కనిపించేంత తేట నీళ్లు, ఆ నీళ్లు పారి పచ్చబడ్డ అరటి తోటలు. పొద్దున ఏడింటికి అరటాకుల సందుల్లోంచి దిగే వెలుతురుకు ఏ లైటూ సాటిరాదు. గుళ్లోకి కెమెరా తీసుకుపోనక్కర్లేదు, తోటవాళ్లను అడిగితే చాలు. ఈ మాట అంటే అమ్మాయి, "మహానందికి చిన్నప్పటి నుంచీ పోతూనే ఉన్నాం కదంకుల్, అందులో కొత్తేముంది" అంది. కొత్త లేకపోవడమే కదా దాని గొప్ప! పుట్టిన ఊరు ఫొటోకు పనికిరాదని పాతికేళ్ల పిల్లలకు ఎవరు నేర్పారో తెలియదు.

వెనకటికి స్టూడియోల్లో కొత్త జంటను గుడ్డ మీద గీసిన చెరువు ముందు నిలబెట్టేవారు. చెరువులో హంస, ఒడ్డున కొబ్బరిచెట్టు. కర్నూలు జిల్లాలో అలాంటి చెరువు ఎక్కడా లేదని దిగేవాళ్లకూ తెలుసు, తీసేవాడికీ తెలుసు. పరదాను పరదాగానే చూశారు. ఈ ఆల్బంలో బంగళాకూ లోయకూ పరదా పనే అప్పగించి, వాటిని లొకేషన్లు అంటున్నారు. ఇది మనవాళ్ల కొత్త పైత్యమేమీ కాదు. తైవాన్‌లో, చైనాలో పెళ్లికి ముందే తెల్ల గౌన్లలో ఆల్బం తీయించుకోవడం ఎప్పటినుంచో పెద్ద వ్యాపారం; కొరియాలోనూ అంతే. అయితే వాళ్ల దగ్గర్నుంచి మనం గౌను తెచ్చుకున్నంత తేలిగ్గా, ఏ మూలన నిలబడినా మొహాన పడే వెలుతురును చదివే ఓపిక తెచ్చుకోలేదు.

ఆళ్లగడ్డ ఆల్బం సన్నగా ఉంటుంది. ఒక్క పొద్దులో అయిపోయిన షూట్. ఫొటోగ్రాఫర్ కూడా పండిపోయిన చెయ్యి కాదు. సగం ఫొటోల్లో ఎండ నెత్తిన పడి కళ్ల కింద నల్లటి నీడలు. ఒకే నవ్వు ఏడెనిమిది పేజీలు నడిచింది. విమర్శకుడిగా మార్కులు వేయాల్సి వస్తే పనితనంలో దీనికి నంద్యాల ఆల్బంలో సగం కూడా రావు.

కానీ ఇందులో ఒక రాతి పని షెడ్డు ఉంది. ఆళ్లగడ్డ శిల్పులంటే రాష్ట్రం దాటి పేరు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డు పక్కన వరసగా షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన వినాయకులు, ఆంజనేయులు, మెడ దాకా తేలి కాళ్లింకా బండలోనే ఉన్న నాయకులు. పెళ్లికొడుకు మేనమామది అలాంటి షెడ్డే. ఫొటో తీద్దామని పోతే ఆయన, "ఊరికే నిలబడితే ఏం బాగుంటాదమ్మా, ఇదిగో పట్టు" అని కోడలు పిల్ల చేతిలో ఉలీ సుత్తీ పెట్టాడట. ఆల్బంలో నాలుగు పేజీలు అదే. మొదటి దాంట్లో ఆమె ఉలిని పెన్ను పట్టినట్టు పట్టింది. రెండో దాంట్లో మామ వేళ్లు ఆమె వేళ్లను కిందికి జరుపుతున్నాయి. మూడో దాంట్లో సుత్తి పడింది, రాతి పొడి లేచింది, ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. నాలుగో దాంట్లో చీరె మీద, కనుబొమల మీద తెల్లటి పొడి. వెనకెక్కడో ఫోకస్‌లో లేని పెళ్లికొడుకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. వాళ్ల పక్కనే మొహం ఒక్కటే పూర్తయిన ఒక నాయకుడి విగ్రహం ఈ తతంగమంతా చూస్తున్నట్టు నిలబడి ఉంది. దాన్ని పక్కకు జరపాలని ఫొటోగ్రాఫర్‌కు తోచలేదు, తోచినా జరిగే బరువు కాదు.

ఆ విగ్రహాలకింకా కళ్లు తెరవలేదు, ప్రతిష్ఠ జరగలేదు కాబట్టి మైల, అపచారం అన్న పేచీ లేదు. గుళ్లో కుదరని చనువు షెడ్డులో కుదిరింది. నంద్యాల ఆల్బంలో చోటు మారినప్పుడల్లా బట్టలు మారాయి, మనుషులు మారలేదు. ఇక్కడ ఒక్క చీరెతోనే మొదటి పేజీకీ నాలుగో పేజీకీ అమ్మాయి మారిపోయింది. ఆ షెడ్డును తీసేసి ఇంకో చోటు పెడితే ఆ నాలుగు ఫొటోలూ ఉండవు. బంగళా తీసేసి ఇంకో బంగళా పెడితే నంద్యాల ఫొటోలకు వచ్చే లోటేమీ లేదు. రెండు ఆల్బంలలో నేను చూసిన అసలు తేడా ఇదే.

అయితే ఆళ్లగడ్డ జంట కూడా పెద్ద సొత్తును వదిలేసుకుంది. పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం. ఎగువ అహోబిలంలో భవనాశిని ఒడ్డున బండల మీద ఒక ఫొటో దిగి వచ్చేశారు. ఎక్కడి బండలైనా అలాగే ఉంటాయి. మన నేల మీద పెళ్లికి ముందటి ముచ్చట గురించి అహోబిలం చెప్పినంతగా ఏ ఊరూ చెప్పలేదు. చెంచుల ఆడపిల్లను చూసి నరసింహుడు మనసుపడ్డ కథను పదహారో శతాబ్దంలో అహోబిల మఠం ఏడో జీయరు 'వాసంతికా పరిణయం' అని సంస్కృత నాటకంగా రాశారు. సన్యాసి రాసిన ప్రేమకథ! 1943లో ఒకసారి, 1958లో అక్కినేని, అంజలీదేవిలతో మరోసారి 'చెంచులక్ష్మి' సినిమాగా వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తు, పార్వేట ఒక ఎత్తు. కనుమ నాడు స్వామి పల్లకీ ఎక్కి అడవి దిగువ పల్లెలకు బయలుదేరతాడు. ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజుల పైచిలుకు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు జరిగే తన పెళ్లికి తానే వచ్చి పిలుస్తున్నాడని జనం నమ్మకం. ఊరూరా పల్లకీ దించే అరుగులను తెలుపులు అంటారు.

పెళ్లికి ముందు తమను తాము ఊరికి చూపించుకోవడమే షూట్ అనుకుంటే, పార్వేట కూడా అదే పని చేస్తుంది, తిరగేసి. అక్కడ పెళ్లికొడుకు జనం గడప దాకా పోతాడు. ఇక్కడ జనం ఫంక్షన్ హాలుకు వచ్చి, ఎల్‌ఈడీ స్క్రీన్ మీద టీజర్ నడుస్తుంటే దానికి వీపు పెట్టి భోజనాల వరస చూసుకుంటారు. నంద్యాల జంట టీజరులో డ్రోన్ షాట్లకు, స్లో మోషన్‌కు పెట్టిన శ్రమ ఆ హాల్లో ఎంతమంది కంట పడిందో నేను చూశాను కనుక చెబుతున్నాను. పప్పులో నెయ్యి పడిందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం, అది న్యాయం కూడా.

కాబట్టి ప్లాన్ వేసుకునే జంటలకు, అడగకపోయినా, నాలుగు మాటలు. నంద్యాల వైపు మార్చి దాటాక షూట్ పెట్టుకోకండి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఎంత ప్రేమైనా మొహంలో చిటపటే కనిపిస్తుంది. ధనుర్మాసంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు, ఫొటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు, పొద్దున మంచు ఉంటుంది, కాలువ కింద వరి ఉంటే ఇంకా మంచిది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తప్ప మధ్యాహ్నమంతా పడుకోండి. నల్లమల అభయారణ్యం, పులుల అడవి. లోపల షూటింగు అన్నా డ్రోన్ అన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా పోతే కెమెరా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. గండికోట లాంటి పురావస్తు శాఖ చోట్లలోనూ ముందే అడగాలి. రెండు జతలకు మించి బట్టలు వద్దు. బట్టలు మార్చుకోను చోటు వెతకడంలోనే మంచి వెలుతురంతా అయిపోతుంది. తోడుగా పిన్నమ్మ వస్తానంటే విసుక్కోకండి, ఫొటోలో ఆమెనూ పడనీయండి. అన్నిటికంటే ముందు, ఎక్కడికి పోదాం అని కాకుండా అక్కడికి పోయి ఇద్దరం ఏం చేద్దాం అని మాట్లాడుకోండి. జొన్నరొట్టె తట్టడం రాని అబ్బాయి, సైకిల్ తొక్కడం రాని అమ్మాయి ఒకరికొకరు నేర్పుకున్నా చాలు, ఫొటోలు వాటంతటవే వస్తాయి.

ఆళ్లగడ్డ జంటకు ఆ ఉలి ఫొటోను పెళ్లిపత్రిక మీద వేయమని గట్టిగా చెప్పాను. పిల్లలు సరేనన్నారు. అమ్మాయి నాయనమ్మ అడ్డం పడింది. "శుభమా అని పత్రిక కొడుతూ పెళ్లికూతురి చేతికి ఇనుమిస్తారా" అని పట్టుబట్టి లక్ష్మీనరసింహస్వామి బొమ్మ వేయించింది. ఫొటోను పెద్దది చేయించి మేనమామ షెడ్డులో తగిలించుకున్నాడు. విగ్రహాలు చేయించుకోను వచ్చే గిరాకీలు ఆమె కూడా శిల్పే అనుకుని, ఆ అమ్మాయి చెక్కితే రేటు ఎంతవుతుందని అడుగుతున్నారట.